నివాసాభిజన విచారము: యానాము ప్రజల దేశీయత

ఒక భూభాగము ఒక ప్రభుత్వము చేతినుండి వేఱొక ప్రభుత్వము చేతికి మాఱినప్పుడు, దానిమీది చెట్లును చెఱువులును మాఱినట్లే మనుష్యులును మాఱుదురని లోకమున నొక యభిప్రాయము గలదు. రాజ్యమునకు భూమి శరీరమనియు, ప్రజలు దాని యవయవములనియు, శరీరము పోయినచోటికే యవయవములును పోవుననియు నీ వాదము. యానామును గుఱించి తెలుగువారు మాటాడుకొను మాటలలో నీ యభిప్రాయమే లోలోపల నిలిచియున్నది. 1954లో యానాము భారతదేశమున గలిసినదనియు, నాటినుండియే యచ్చటివారందఱును భారతీయులైరనియు సాధారణముగ జెప్పుదురు. ఇందు మొదటి సగము లోకవ్యవహారమున నిజము. రెండవ సగము శాస్త్రవ్యవహారమున నిజము కాదు. 1954 నవంబరు 1వ తేదీనుండి 1962 ఆగస్టు 16వ తేదీవఱకు యానామున నెగిరిన జెండా భారతదేశపుది. పన్ను తీసికొన్నది భారతదేశపు ప్రభుత్వము. పాలించిన యుద్యోగులు భారతీయులు. కాని ఆ దినములలో నచ్చటి తెలుగువాడు, ధర్మశాస్త్రదృష్టిచే, ఫ్రెంచి దేశీయుడుగనే యుండెను. నేల ముందు మాఱెను, మనుష్యుడు ఎనిమిదేండ్లు వెనుకబడి మాఱెను, కొందఱు మాఱనేలేదు.

ఇది పండితుల వినోదార్థమైన మాటల తగవు కాదు. ఒకే యింట నన్న యొక దేశీయుడును, తమ్ముడు వేఱొక దేశీయుడును నగుట. ఒకడు పారిసులోని శాసనసభకు ఓటు వేయుటకును, వేఱొకడు పుదుచ్చేరి శాసనసభకు ఓటు వేయుటకును అర్హులగుట. ఒకని వివాహమును ఒక చట్టమును, వాని పొరుగువాని వివాహమును వేఱొక చట్టమును శాసించుట. ఇవి యన్నియు నీ విచారముపై నాధారపడి యున్నవి. కావున శబ్దము మొదలుకొని విచారింపదగును.

1. శబ్దవిచారము

ఈ విషయమున తెలుగున వాడుకలోనున్న మాటలు రెండు: జాతీయత, పౌరసత్వము. రెండును నిర్దుష్టములు కావు. జాతిశబ్దము జనధాతువునుండి పుట్టినది. పుట్టుకయే దానికి ముఖ్యార్థము. తెలుగున నది కులమును, వర్గమును, పశుపక్ష్యాదుల తెగను గూడ జెప్పుచున్నది. శాసనము ఉద్దేశించిన సంబంధమో, పుట్టుకతో గలుగవచ్చును, నివాసముచే గలుగవచ్చును, వ్రాసి యిచ్చిన యొక్క కాగితముచే గలుగవచ్చును. దానికి జాతీయత యని పేరిడుట, ఫలమును బీజముపేరుతో బిలుచుట వంటిది. ఇక పౌరసత్వము. పురమునందున్నవాడు పౌరుడు, వాని భావము పౌరత్వము. నడుమ నీ సకారము ఏల వచ్చెనో వ్యాకరణము చెప్పజాలదు. సత్తను జెప్పు సత్త్వశబ్దమందమా, దానికి తకారద్విత్వము వలయును. అయినను యోగముకంటె రూఢి బలీయము గనుక ఆ రూపమును తిరస్కరించుట వ్యర్థము. పురశబ్దార్థమును గూడ నిచ్చట పట్టుకొనరాదు. బడంగ్‌పేట్ గ్రామముగా నున్ననాడు అచ్చటి కాపు పౌరుడు కాడనియు, పురపాలక సంస్థ యేర్పడినపిమ్మట పౌరుడయ్యెననియు నెవ్వరును జెప్పరుగదా! ఈ వ్యాసమున రాజ్యముతో మనుష్యునికి గల మూలసంబంధమునకు దేశీయతయనియు, ఓటు మొదలగు నధికారములతో గూడిన సంబంధమునకు పౌరత్వమనియు వ్యవహారము. ఈ రెంటికి గల భేదమే యానాము చరిత్రకు తాళపుచెవి.

దేశవాచకమునుండి మనుష్యవాచకము నెట్లు సాధింపవలయునో పాణిని యష్టాధ్యాయి నాలుగవ యధ్యాయము మూడవ పాదమున విస్తరించి చెప్పెను. అచ్చట పుట్టినవాడు, అచ్చటినుండి వచ్చినవాడు, అది తనకు నివాసముగా గలవాడు, అది తనకు అభిజనముగా గలవాడు, దానియందు భక్తి గలవాడు అను నర్థములు వేర్వేఱుగ నచ్చట గణింపబడినవి. వీనిలో నివాసాభిజనములకు భేదమేమని భాష్యకారుడు ప్రశ్నించి, ఇప్పుడు తానుండుచోటు నివాసమనియు, తన పూర్వులుండినచోటు అభిజనమనియు సమాధానము చెప్పెను. మథురయందు పుట్టినవాడు మాథురుడే. మథురనుండి వచ్చినవాడును మాథురుడే. మథుర నివాసముగా గలవాడును, మథుర పూర్వులయూరుగా గలవాడును మాథురుడే. రూపమొక్కటి, అర్థములు నాలుగు. ఏ యర్థము వివక్షితమో ప్రకరణమే తెలుపవలయును, శబ్దము తెలుపదు.

తెలుగున యానామువాడనగా నిట్లే నాలుగర్థములు వచ్చును. నేటి దేశీయతాశాసనములు చేయుచున్నదెల్ల ఈ నాలుగింటిలో నొకదానిని గ్రహించి, మిగిలిన మూటిని విడుచుటయో, ఒకదానికి మఱియొకదానిని విశేషణముగ జేర్చుటయో మాత్రమే. పుట్టినచోటును పట్టుకొను ధర్మ మొకటి, తల్లిదండ్రుల రక్తమును పట్టుకొను ధర్మ మొకటి, వాసమును పట్టుకొను ధర్మ మొకటి యని పాశ్చాత్య ధర్మవేత్తలు చేసిన విభాగము పాణినికి తెలియనిది కాదు. ఆయన దానిని రాజ్యముల కొఱకు గాక ప్రత్యయముల కొఱకు జెప్పెను.

2. సముద్రము దాటిన నామములు

తెలుగువారు సముద్రములు దాటిపోయినచోట్ల వారికి వచ్చిన పేరులను జూచిన నీ యర్థసంకరము స్పష్టమగును. బర్మాలో తెలుగుకూలీలకు కోరంగీలని పేరు వచ్చెను. యానాముదాపున గోదావరీముఖమందున్న కోరంగి రేవునుండి యోడ లెక్కినవా రగుటచే నది వచ్చినది. శ్రీకాకుళపుసీమవాడును, విశాఖపట్టణపుసీమవాడును కోరంగిని పుట్టినవారు కారు, కోరంగిని నివసించినవారును కారు. అచ్చటినుండి వచ్చినవా రను నర్థముననే యా పేరు. రీయూనియను ద్వీపమున భారతీయులకు మల్బారులని పేరు. వారిలో నధికులు తూర్పుతీరపువారు. మలబారుతో వారికి జన్మముగాని, వాసముగాని, అభిజనముగాని లేదు. ఆ పేరు నే యర్థముచేతను సాధింపరాదు. కేవల రూఢి మాత్రమే.

నామ మిట్లుండగా ధర్మ మెట్లుండెను? 1828వ సంవత్సరప్రాంతమున యానామునుండి తెలుగుకూలీలు రీయూనియనునకు బోయిరి. నాడు దానికి బూర్బోను ద్వీపమని పేరు. ఆ ద్వీపమునకు బోయిన తొలి భారతీయ కూలిజనములో వీరు లెక్కకు వచ్చువారు. పిమ్మట 1860లో ఫ్రాన్సును, ఇంగ్లండును ఒక యొడంబడిక చేసికొనెను. దానిచే బ్రిటిషు ఇండియాలోని ప్రజలు ఫ్రెంచివారి రీయూనియనునకు గూలికి బోవుట కనుమతి కలిగెను. వారి యోగక్షేమములను విచారించుటకు బ్రిటిషు కాన్సలునకు నధికారము కలిగెను. ఇందలి సూక్ష్మమును గమనింపవలయును. గోదావరి పాయకు ఈవలనున్న బ్రిటిషు గ్రామమున పుట్టిన కూలి, ద్వీపమున దెబ్బలు తినిన, కాన్సలునొద్ద మొఱపెట్టుకొనవచ్చును. వాడు బ్రిటిషు ప్రజ. ఆవల యానామున పుట్టిన కూలి కా యొడంబడికచే నట్టి దిక్కు లేదు. వాడు ఫ్రెంచి ప్రజ. ఇద్దఱి భాష యొకటి, యిలువేల్పు లొకరు, చేయు పని యొకటి. దేశీయత యను నొక్క తంతువు మాత్రమే వేఱు.

ఆ తంతువే రెండు మహారాజ్యముల నడిమి వ్యవహారమును నడిపెను. కూలీలు పడు పాట్లనుగూర్చి ఫిర్యాదులు పెరుగగా, 1882లో బ్రిటిషు ఇండియా ప్రభుత్వము రీయూనియనునకు వలసను నిలిపివేసెను. కూలీలు విదేశీయులైయుండుటచేతనే వారి ప్రభుత్వమునకు ఫ్రెంచివారి ద్వీపముపై మాటాడు హక్కు కలిగెను. వారు ఫ్రెంచివా రైయున్నచో నది ఫ్రాన్సు స్వగృహవిషయ మైయుండెడిది. ఫ్రాన్సు 1889 జూను 26వ తేదీన క్రొత్త దేశీయతాశాసనమును జేసి, పుట్టినచోటునకు ప్రాధాన్య మిచ్చి, దానిని రీయూనియను, గ్వాదలూపు, మార్తినీకు ద్వీపములకును వర్తింపజేసెను. అప్పటినుండి ద్వీపమున పుట్టిన కూలీల సంతతి మెల్లమెల్లగ ఫ్రెంచి దేశీయతలోనికి వచ్చెను. అభిజనము గోదావరీతీరము, జన్మస్థానము ద్వీపము. శాసనము జన్మమును గ్రహించి యభిజనమును విడిచెను. అయినను అధికారము వెంటనే రాలేదు. గ్వాదలూపునందు భారతీయసంతతివారి యోటుహక్కు కొఱకు హెన్రీ సిదంబరము 1904లో నారంభించిన వ్యాజ్యము 1923లో గాని ఫలింపలేదు. దేశీయతకును పౌరత్వమునకును భేదము గలదను మాటకు నిది మొదటి సాక్ష్యము.

3. ఫ్రెంచిండియాలో వ్యక్తిధర్మము

రెండవ సాక్ష్యము యానాముతో గూడిన ఫ్రెంచిండియాయే. అచ్చటి హిందువులను, మహమ్మదీయులను వారివారి యాచారములచేతనే తీర్పుదీర్చెదమని 1819లోనే ఫ్రెంచివారు ప్రకటించిరి. 1848లో ఫ్రాన్సున గణతంత్రము స్థాపితమైనప్పుడు ఫ్రెంచిండియా వాసులు ఐదేండ్లకు పైబడి యచ్చట నివసించినవారైనచో, ఓటునకై దేశీయతను నిరూపింపనక్కఱలేదని యేర్పఱచిరి. అనగా నివాస మొక్కటియే యధికారమునకు హేతువయ్యెను. జన్మమును, అభిజనమును విచారింపబడలేదు. నాటి లోకమున నిది యాశ్చర్యకరమైన నిర్ణయము.

1881 సెప్టెంబరు 21వ తేదీ శాసనము దీనికి క్రొత్త చిక్కు కల్పించెను. తన మతాచారధర్మమును త్యజించి ఫ్రెంచి పౌరధర్మసంహితకు లోబడెదనని యెవ్వడైనను ప్రకటింపవచ్చును. ఆ ప్రకటన వానిభార్యకును మైనరు బిడ్డలకును వర్తించును. మరల వెనుకకు తీసికొనుటకు వీలులేదు. వంశనామ మొకటి గ్రహింపవలయును. ఇట్లు త్యజించినవారికి ఫ్రెంచిభాషలో రెనోంసాఁ యని పేరు. తెలుగున త్యాగులనుట కంటె త్యక్తధర్ములనుట యుక్తము, ఏలన త్యజింపబడినది ధర్మము గాని ధనము కాదు. 1873లో బూట్లతో న్యాయస్థానమున బ్రవేశించినందుకు శిక్షింపబడి, ఫ్రాన్సులోని పై న్యాయస్థానమువఱకు బోయి గెలిచిన పొన్నుతంబి పిళ్ళ యీ పక్షమునకు నాయకుడు. 1884లో ఓటర్ల పట్టిక మూడుగా జీలెను: యూరోపీయులు, త్యక్తధర్ములు, స్వధర్మమున నిలిచిన భారతీయులు. పట్టికల విభాగము పిమ్మట మాఱుచువచ్చినను, వేర్వేఱు పట్టిక లుండు పద్ధతి రెండవ ప్రపంచయుద్ధానంతరమున గాని తొలగలేదు. 1946 మే 7వ తేదీ శాసనముచే ఫ్రాన్సు సముద్రాంతరదేశములలోని ప్రజ లెల్లరు, తమ వ్యక్తిధర్మమును విడువకయే, పౌరులుగ బ్రకటింపబడిరి.

కావున అఱువదేండ్లపాటు యానామున ముగ్గురు పొరుగువారు, ముగ్గురును ఫ్రెంచి ప్రజలే యైనను, వేర్వేఱు పట్టికల ఓటర్లుగ నుండిరి. దేశీయత ధర్మిస్థానమున నుండగా, పౌరత్వము ధర్మస్థానమున నుండి పెరిగి తరుగుచుండెను. ధర్మికిని ధర్మమునకును నభేదమును భావించిన వారికి నీ చరిత్ర యర్థము కాదు.

దీనికే యొక విచిత్రమైన యనుబంధము గలదు. బాల్యవివాహనిరోధమునకై చేయబడిన శారదా శాసనము 1930 ఏప్రిలులో బ్రిటిషిండియాలో నమలులోనికి వచ్చెను. యానాము దాని పరిధికి వెలుపలిది. కావున గోదావరిమండలపు బ్రిటిషు ప్రజలు పెండ్లివారితో, మేళతాళములతో యానామునకు దరలి, యచ్చట బాలికలకు పెండ్లిండ్లు చేసి మరలివచ్చుచుండిరి. యానామునకు కల్యాణపురమని పేరు గలిగెను. నాటి శాసనము నేలను పట్టుకొనెను గనుక, నేలదాటినవాడు దానినుండి తప్పించుకొనెను. స్వతంత్రభారతమున నా శాసనము భారతపౌరులు విదేశముల నున్నను వారికి వర్తించునట్లు సవరింపబడెను. నేలను విడిచి మనుష్యుని పట్టుకొనెను. అయినను 1881 నాటి త్యాగము దానిని వెన్నాడెను. 2006లో దాని స్థానమున వచ్చిన బాల్యవివాహనిషేధ శాసనమునందును, పాండిచ్చేరి కేంద్రపాలిత ప్రాంతపు రెనోంసాలకు నిది వర్తింపదని మొదటి విభాగమునందే మినహాయింపు గలదు. ఫ్రెంచిప్రభుత్వము పోయెను, ఫ్రెంచిశబ్దము భారతశాసనమున నిలిచెను.

4. సంధివాక్యవిమర్శ

ఇక ప్రధానవిషయము. 1946 నాటి ఫ్రెంచి రాజ్యాంగము, సంబంధించిన ప్రజల సమ్మతి లేనిదే యే భూభాగమును పరాధీనము చేయరాదని నిబంధించెను. ఇచ్చట పౌరత్వపు బలము కనబడును. 1947 అక్టోబరులో మచిలీపట్టణమునందలి ఫ్రెంచిపేట మొదలగు లోజులను, అనగా చిన్నచిన్న వర్తకస్థానములను, ఫ్రాన్సు ప్రజలయోటు లేకయే యప్పగించెను. చంద్రనగరమునకో, 1949 జూనులో ఓటు జరిగెను. 1950లో పాలనయు, 1952లో ధర్మాధికారమును మాఱెను. యానామున 1954 జూను 13న దడాల రఫేలు రమణయ్య నాయకత్వమున ఫ్రెంచిపాలన తొలగింపబడెను. అక్టోబరు 18న కీళూరున ప్రజాప్రతినిధులు 178 మందిలో 170 మంది విలీనమునకు సమ్మతించిరి. నవంబరు 1న పాలన మాఱెను. 1956 మే 28న ఢిల్లీలో సమర్పణసంధి వ్రాయబడెను. ఫ్రెంచి పార్లమెంటు దాని నామోదించుటకు 1962 రావలసివచ్చెను; అల్జీరియా యుద్ధము ముగియువఱకు నే సముద్రాంతరభూమిని విడుచుట యైనను పారిసున ప్రమాదకరమైన మాటగ నుండెను. ప్రజలు ఓటుగల పౌరులగుటచే భూమిని ఊరక యియ్యరాదయ్యెను. ఇచ్చుటకు బూనిన సంధియో, ఆ పౌరుల సంగతిని విడిగ జెప్పవలసినదయ్యెను.

సంధిలోని ముఖ్యనియమ మిది: ఆ స్థావరములలో పుట్టి, సంధి యమలులోనికి వచ్చిన దినమున నచ్చటనే నివాసము గల ఫ్రెంచి దేశీయులు భారతసమాఖ్యకు దేశీయులును పౌరులును నగుదురు. ఇందు రెండు విశేషణములు గలవు: జన్మము, నివాసము. రెండును గలిసియే హేతువు. ఒక్కటి యున్న చాలదు. దేశీయులును పౌరులును అని రెండు పదము లేల? పునరుక్తి యందమా, సంధివాక్యమున నొక్క యక్షరమును వ్యర్థముగ బడనీయరు. భారతదేశపు 1955 నాటి శాసనము పౌరుని గుఱించియే చెప్పును. దేశీయుడను విడిమెట్టు దానిలో లేదు. ఫ్రెంచిచరిత్రలోనో, పైని జూపినట్లు, దేశీయుడై పౌరుడు కానివా డుండెను. భారతీయుని చెవికి పౌరశబ్దమొక్కటి చాలును. ఫ్రెంచివాని చెవికి రెండును వినబడవలయును. నూఱేండ్ల ఫ్రెంచిండియా చరిత్ర యా సముచ్చయార్థకములో దాగియున్నది.

ఇది ఉత్సర్గము. దీనికి అపవాదము వెంటనే చెప్పబడెను: అట్టివారు ఆఱుమాసములలో వ్రాతమూలమున ప్రకటించి ఫ్రెంచి దేశీయతను నిలుపుకొనవచ్చును. అట్లు నిలుపుకొన్నవారు భారతదేశీయత నెన్నడును బొందనివారుగ భావింపబడుదురు. ఈ తుదివాక్యము వైయాకరణునికి మిక్కిలి ప్రీతి గలిగించును. అపవాదవిషయమును ముందుగ విడిచిపెట్టి, మిగిలినచోటనే యుత్సర్గము ప్రవేశించునని శాస్త్రజ్ఞుల పరిభాష. ఉత్సర్గము ముందు ప్రవేశించి పిమ్మట తొలగునని కాదు. అది యచ్చట బ్రవేశింపనే లేదు. ఫ్రెంచివాడుగ నిలిచిన యానామువాడు ఒక్క క్షణమైనను భారతీయుడై మరల ఫ్రెంచివాడు కాలేదు. సంధికర్తలు పాణినీయమును జదివినవారు కాకపోయినను, శాస్త్రబుద్ధి యొక్కటియే యని తెలియుచున్నది.

మైనరుబిడ్డల విషయమున తండ్రి కోరికయు, తండ్రి లేనిచో తల్లి కోరికయు, ఇరువురును లేనిచో సంరక్షకుని కోరికయు బ్రమాణము. తలిదండ్రుల కోరికచే ఫ్రెంచివాడైన బిడ్డకు, పదునెనిమిదేండ్లు నిండినపిమ్మట నాఱుమాసములలో భారతదేశీయతను గోరుకొను నవకాశ మీయబడెను. భారతీయుడైన బిడ్డకు తిరిగి ఫ్రెంచివాడగుటకు నట్టి ద్వారము తెఱువబడలేదు. వికల్ప మొకవైపుననే తెఱచియుండెను. ఇది వ్యవస్థితవిభాష, ఒక విషయమున కోరిక గలదు, వేఱొక విషయమున లేదు.

సంధి యమలులోనికి వచ్చినది 1962 ఆగస్టు 16న. ఆఱుమాసములు 1963 ఫిబ్రవరి నడుమ ముగిసినవి. స్థావరములన్నింటను గలిపి జనసంఖ్య మూడున్నర లక్షలకు బైని. కోరుకొన్నవారు ఐదువేలకు మించలేదు. దీనినిబట్టి మిగిలినవారెల్లరు భారతీయత నుత్సాహముతో వరించిరని కొందఱును, తెలియకపోవుటచే మాత్రమే యూరకుండిరని కొందఱును వాదింతురు. రెండును నిరాధారములు. మౌనము అర్ధాంగీకారమని సామెత. అర్ధాంగీకారమే గాని పూర్ణాంగీకారము కాదు. శాసనము మౌనమునకు ఫలమును విధింపవచ్చును, హేతువును విధింపజాలదు. చదువురాని పల్లెకారుని మౌనమును, సమరయోధుని మౌనమును ఫలమున నొక్కటియైనను భావమున నొక్కటి కావు. వ్రాతమూలమున మాత్రమే కోరుకొనవలయునను నియమము, వ్రాత వచ్చినవానికి రెండు త్రోవలను, రానివానికి నొకత్రోవను జూపెను. సంధి కిది దోషము. భూమిని గుఱించి ప్రతినిధుల నడిగిన ప్రభుత్వములు, మనుష్యుని గుఱించి మనుష్యునే యడిగినవి, అది మేలు. కాని యడిగినభాషయు, అడిగినకాలమును నందఱికి నందలేదు.

వేఱొక చిక్కు విశేషణమునుండి పుట్టెను. స్థావరములలో పుట్టినవారినే యుత్సర్గము గ్రహించినది. ఫ్రెంచిసైన్యమునందో, కొలువులందో తండ్రి ఇండోచైనాకు బోగా నచ్చట పుట్టి, పిమ్మట స్వస్థలమునకు వచ్చి నివసించువాడు యానామువాడే యైనను, పుట్టినవాడను విశేషణమున జేరడు. వానికి అభిజన మున్నది, నివాస మున్నది, జన్మము లేదు. ఉత్సర్గము వాని నంటలేదు గనుక వాని ఫ్రెంచిదేశీయత కోరికతో నిమిత్తము లేకయే నిలిచెను. ఇట్లు యానామున నెల్లకాలము కాపురమున్న యన్న భారతీయుడగుటయు, సైగోనున పుట్టిన తమ్ముడు ఫ్రెంచివాడగుటయు సంభవించెను. ఒక్క కృదంతవిశేషణము అన్నదమ్ములకు వేర్వేఱు రాజ్యముల నేర్పఱచెను.

5. దక్కనున భక్తివిచారము

పాణిని చెప్పిన యైదవ యర్థము భక్తి. అంగదేశమునందు భక్తిగలవాడును, అంగరాజులయందు భక్తిగలవాడును ఒక్కరూపముననే యాంగకుడని పిలువబడునని యచ్చటి వ్యవస్థ. దేశమునకును దేశాధిపతికిని రూపభేదము లేదు. పూర్వకాలపు రాజ్యములలో ప్రజయనగా రాజునకు విధేయుడు. నేటి రాజ్యములలో ప్రజయనగా దేశమున కంగము. ఈ రెండు భక్తులు విడిపోయిన కాలమున నేమి జరుగునో హైదరాబాదు తూర్పుభాగము జెప్పగలదు.

బడంగ్‌పేట్‌నుండి దిల్‌సుఖ్‌నగర్ మీదుగ మలక్‌పేటవైపు బోవు ప్రాంతమున, అస్మాన్‌గఢ్ గుట్టపై నొక ఫ్రెంచివాని సమాధి గలదు. గాస్కనీసీమలో పుట్టిన మిషెలు రేమాఁ నిజాము అలీఖానుని కొలువున సేనానాయకుడై 1798 మార్చిలో మరణించెను. జనులు వానిని మూసా రామని పిలిచిరనియు, ముసారాంబాగునకు నా పేరే వచ్చెననియు జెప్పుదురు. జన్మము ఫ్రాన్సు, నివాసము హైదరాబాదు, భక్తి నిజామునందు. కాని 1798 సెప్టెంబరు 1వ తేదీన నిజామునకును ఇంగ్లీషు కంపెనీకిని జరిగిన సంధి, ఫ్రెంచివారిని కొలువునుండి తొలగింపవలయునని నిర్బంధించెను. అక్టోబరున వాని సేన విడగొట్టబడెను. భక్తిని విచారింపక జన్మమునే పట్టుకొనిన నిర్ణయమది. ప్రజలు భక్తిని గ్రహించి పేరిడిరి. రాజ్యములు జన్మమును గ్రహించి బహిష్కరించెను.

ఆ నిజాము రాజ్యమందే 1919 నాటి ముల్కీ నిబంధనలు వేఱొక దృష్టాంతము. రాజ్యమున పుట్టుకచే ప్రజయైనవాడు, పదునైదేండ్లు కొలువుచేసి కొలువునం దున్న తండ్రికి పుట్టినవాడు, ముల్కీకి భార్యయైనది, పదునైదేండ్లు స్థిరనివాసముండి పూర్వస్థానమునకు మరలిపోవు తలంపును విడిచితినని ప్రమాణపత్ర మిచ్చినవాడు ముల్కీలు. జన్మము, అభిజనము, నివాసము, భక్తి నాలుగును నిచ్చట నొకే నిబంధనలో వరుసగ గూర్చొన్నవి. ఆ తుది ప్రమాణపత్రమును, 1881 నాటి త్యాగపత్రమును ప్రక్కప్రక్కన బెట్టి చూడవలయును. ఒకటి వెనుకటి యూరును విడుమనును, వేఱొకటి వెనుకటి యాచారమును విడుమనును. ఆ ముల్కీ వివాదము 1972 అక్టోబరులో సుప్రీముకోర్టు తీర్పువఱకును, 1973 నాటి రద్దువఱకును తెలుగునాట రాజకీయములను గలచివైచినసంగతి తెలిసినదే. సముద్రము నడుమ లేకపోయినను, రాజ్యాంతరమునుండి వచ్చినవాని సంబంధమును నిర్ణయించుట యెంత కష్టమో దీనివలన దెలియును.

6. సిద్ధాంతము

పై విచారమువలన దేలిన దిది. సముద్రాంతరమందలి యధీనభూమిపై నొక రాజ్యమునకు గల సంబంధము కోటలచేతను, ఓడలచేతను గలిగినను, మనుష్యుల దేశీయతచేతనే నిలుచును. కోటలు పోయినపిమ్మటను అది పోదు. యానామున ఫ్రెంచిజెండా 1954లో దిగెను. ఫ్రెంచి దేశీయతను నిలుపుకొన్న కుటుంబముల సంతతి నేటికిని పుదుచ్చేరి ప్రాంతమున గలదు. వారు ఫ్రాన్సు యెన్నికలలో నోటర్లు. పారిసునకును, పుదుచ్చేరికిని నడుమ కాన్సలుకార్యాలయ మొకటి యుండవలసివచ్చుటకు వీరును ముఖ్యకారణము. భూమిని విడిచిన ఫ్రాన్సు మనుష్యులను విడువలేదు. విడువరాదు గూడ, ఏలన వారు వ్రాసి కోరుకొన్నవారు.

రెండవది. ఈ విషయమున పదము లపరిశుద్ధములైన నీతి యపరిశుద్ధమగును. భారతదేశ మిటీవలి కాలమున విదేశములకు బోయిన భారతసంతతివారికి విదేశీభారతీయ పౌరులని పేరిడి యొక యోగ్యతాపత్ర మిచ్చుచున్నది. దానికి ఓటు లేదు, రాజ్యాంగాధికారపదవులు లేవు. పౌరశబ్దముండి పౌరత్వము లేని యీ స్థితిని గమనించియో యేమో, 2015 నాటి సవరణ యా పేరునకు కార్డుదారు లను మాటను జేర్చెను. అభిజనమును గౌరవించుట వేఱు, పౌరత్వ మిచ్చుట వేఱని శాసనమే యొప్పుకొన్నట్లు. బర్మాలోని కోరంగీల కీ వివేకము కాలమునకు లభింపలేదు. 1937లో బర్మా విడిపోయినప్పుడును, 1942లో యుద్ధభయముచే వారు కాలినడకను వచ్చినప్పుడును, 1948లో బర్మా స్వతంత్రమైనప్పుడును, వచ్చినవా రను నర్థముననే వారిని జూచిరి గాని, నివసించువా రను నర్థమున జూడలేదు. తరములు గడచినను నామము మాఱలేదు; నామము మాఱనందున భావమును మాఱలేదు.

కావున తెలుగునిఘంటుకర్తలును, శాసనములను తెనిగించువారును జన్మము, నివాసము, అభిజనము, భక్తి యను నాలుగు సంబంధములకు వేర్వేఱు పదముల నుంచుట యావశ్యకము. జాతీయత యను నొక్క మాటతో నాలుగింటిని గట్టివైచిన, చదువరికి సంధియు నర్థము కాదు, యానామును నర్థము కాదు. పాఠశాలలలో తద్ధితప్రకరణమును బోధించు నుపాధ్యాయులు మథురతోపాటు యానామును గూడ నుదాహరింతురేని, పాణిని చేసిన విభాగము పరీక్షకొఱకు మాత్రమే కాదని విద్యార్థులకు దెలియును. ఒక్క ప్రత్యయార్థము మాఱిన నొక యిల్లు రెండు దేశము లగుట గోదావరీతీరమున నిజముగ జరిగినది. విద్వాంసు లీ విషయమును విచారింతురు గాక.